చిరిగిన అట్టు నాది

"ఇంకోటి ఉందా ఈశ్వరీ?" అని హాల్లోంచి మా ఆయన కేక వేసేసరికి పిండిగిన్నెలో అడుగు కనిపిస్తోంది. గరిటెతో గీకితే ఇంకొక్కటి అవుతుంది. ఆ ఒక్కటీ నాకోసం ఉంచుకున్నాను. ఉంచుకున్నానని పైకి ఎలా చెప్పను? నేల మీద పరిచిన ప్లాస్టిక్ కాగితం చుట్టూ అంతమంది మగవాళ్ళు కూర్చుని, ఖాళీ పళ్ళాల్లో వేళ్ళు ఆడిస్తూ రేడియో వింటుంటే, "లేదు, ఇది నాది" అని ఏ ఆడది అంటుంది? గీకాను, పోశాను, మూత వేశాను. యంత్రం మీద ఎర్ర దీపం వెలిగింది. అది ఆరేదాకా ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటూ నిలబడ్డాను. ఆరాక తీసుకెళ్ళి ఆయన పళ్ళెంలో పెట్టాను. "నువ్వు తిన్యావా?" అని అడిగాడు. అడగడని చెబితే నా నోరు పుచ్చిపోతుంది, రోజూ అడుగుతాడు. కాకపోతే అడిగేటప్పటికే ముక్క తుంచి నోట్లో పెట్టుకుని ఉంటాడు. నేను రోజూ చెప్పే జవాబే చెప్పాను. "తిన్నా."

ఆ యంత్రం పేరు వాఫిల్ మేకరు. మా ఆయన నాగేంద్రప్రసాద్ హవల్లీలో ఒక కువైటీ దుకాణంలో స్టోరు చూసేవాడు. టీవీలు, ఫ్యాన్లు, మిక్సీలు అమ్మే దుకాణం. ఇరాక్ సైన్యం కువైట్ మీద వచ్చిపడ్డ నాటికి మా కఫీల్, అంటే ఆ దుకాణం యజమాని, ఎండాకాలం సెలవులకని లండన్‌లో ఉన్నాడు. ఉన్నవాడు ఉన్నట్టే అక్కడ ఉండిపోయాడు. సైనికులు వీధిలో షట్టర్లు పగలగొట్టడం మొదలెట్టాక, ఎవరూ చెప్పకుండానే ఈయన ఊరికి అవతలున్న అబ్బాసియా నుంచి స్నేహితుల్ని పిలిపించుకుని, దొరికినంత సామాను మా ఫ్లాటుకి మోయించాడు. పడకగదిలో నిలువెత్తు పెట్టెలు. "వాడు తిరిగొచ్చినాక చూడు, నన్ను నెత్తిన పెట్టుకుంటాడు" అన్నాడు. పెట్టెలు మోసినవాళ్ళు మళ్ళీ అబ్బాసియాకి పోలేదు. చెక్‌పోస్టులు దాటడం ప్రమాదం కదా అని మా హాల్లోనే పక్కలు వేసుకున్నారు. పెట్టెలు ఎక్కడ పెట్టాలో, కిటికీలకు ఏం అడ్డం కట్టాలో, ఎవరు ఏ మూల పడుకోవాలో అందరూ కూర్చుని మాట్లాడుకున్నారు. ఇంతమందికీ వండేదెవరన్న మాట మాత్రం ఎవరి నోటా రాలేదు. దాని గురించి మాట్లాడుకోవాల్సిన అవసరం ఉందని కూడా వాళ్ళకు తోచి ఉండదు. అంతకుముందు నేను దగ్గర్లోని నర్సరీ స్కూల్లో చిన్నపిల్లల్ని చూసుకునే పని చేసేదాన్ని. స్కూలు మూతపడింది. "ఎట్లా పనిలేదు గదా, ఇంట్లో ఉత్తగనే ఉండావు గదా" అన్నాడు మా ఆయన, ఆప్యాయంగానే.

ఉత్తగనే ఉండటమంటే ఏమిటో చెబుతాను. వాళ్ళు తెల్లవారుజామునే పోయి ఖుబ్జ్ కోసం, అంటే ఇక్కడి రొట్టె కోసం, బేకరీ ముందు వరసలో నిలబడేవాళ్ళు. నిజమే, కష్టమే. సైనికుడు తుపాకి చూపించాడని, ఎవడో వరస మధ్యలో దూరాడని, వీళ్ళు ఎలా వెనక్కి నెట్టారని ఆ కథ మధ్యాహ్నం దాకా సాగేది. ప్రతి ఒక్కరూ ఒకసారి చెప్పేవాళ్ళు, ప్రతి ఒక్కరికీ నేను టీ ఇచ్చేదాన్ని. యుద్ధమంతా వీళ్ళ భుజాల మీదే నడుస్తున్నట్టు ఉండేది. నేను బియ్యంలో పురుగులు ఏరిన కథ, కొళాయిలో నీళ్ళు సన్నగా వస్తుంటే ఇంతమంది బట్టలు ఉతికిన కథ, బాత్రూము కడిగిన కథ ఎవరికి చెప్పను? చెప్పడానికి అందులో తుపాకి లేదు.

అప్పటికి నాకు అయిదో నెల. అంతకుముందు ఒకటి నిలబడలేదు. "ఆ కువైటు ఏసీ గాలికి పిండం యాడ నిలుచ్చాది" అని మా అత్త రాయచోటి నుంచి జాబు రాయించింది. తరవాత ఎవరితోనో అందట, "ఆ పిల్ల ఒళ్ళు గట్టిది కాదు, అప్పుడే చూసుకోవాల్సింది" అని, నన్నేదో సంతలో కొన్నట్టు. ఈసారి నిలబడింది. నిలబడిందని తెలిసిన రోజు నుంచి నాకు నిద్రపట్టేది కాదు. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎక్కడికి పోవాలో తెలిసేది కాదు. కిటికీ దగ్గరికి, వంటింట్లోకి, మళ్ళీ కిటికీ దగ్గరికి. బయట ట్యాంకు పోయిన చప్పుడైతే చెయ్యి దానంతటదే పొట్ట మీదికి వెళ్ళేది.

కింది అంతస్తులో రూతమ్మక్క ఉండేది. భీమవరం వైపు మనిషి, ప్రసూతి ఆసుపత్రిలో నర్సు. యుద్ధమొచ్చినా కానుపులు ఆగవు కదా అని డ్యూటీకి పోతూనే ఉంది. ఒకనాడు మెట్ల మీద నన్ను ఆపి, వంగి, నా పాదం మీద బొటనవేలితో నొక్కింది. సొట్ట పడింది. ఎంతసేపటికీ పైకి రాలేదు.

"ఏంటమ్మాయ్ ఈ వాపు? మొహం చూస్తే తెల్లగా పాలిపోయుంది. ఏం తింటన్నావు అసలు?"

"అన్నం. రొట్టె. ఏదో ఒగటి తింటాండానక్కా."

"ఏదో ఒకటి కాదు. ప్రోటీను తగలాలి ఒంటికి. పప్పు, గుడ్లు, పాలు. బిడ్డకి రాయీ రప్పా పెట్టి కండ పెంచుతావా?" అని, మర్నాడు తన వంతు గుడ్లు కాగితంలో చుట్టి తెచ్చింది. కువైట్‌లో అప్పుడు గుడ్డంటే బంగారం. "ఇవి నీకు. నీకే. చెప్తన్నాను" అంది. ఆ తరవాత కూడా దొరికినప్పుడల్లా తెచ్చేది.

గ్యాసు సిలిండరు ఒక్కటే మిగిలింది, అన్నానికి, కూరకి దాచుకోవాలి. నూనె అంతకన్నా తక్కువ. కరెంటు మాత్రం ఉంది. అలా ఆ పెట్టెల్లోంచి వాఫిల్ మేకరు తీశాను. పెట్టె మీద బొమ్మలో గళ్ళుగళ్ళ రొట్టె, దాని మీద మీగడ, ఎర్రటి పండ్లు. ఎవరి పొద్దుటి ఫలహారమో అది. నేను రాత్రి పెసరపప్పు, గుప్పెడు శనగపప్పు నానబెట్టాను. పొద్దున రుబ్బి, అందులో వేయించిన వేరుశనగపప్పుల పొడి, పాలపొడి, గిలక్కొట్టిన గుడ్లు, ఉప్పు, జీలకర్ర కలిపాను. మైదా చుక్క లేదు. "కఫీల్ సామానే అది! చెడిపోతే?" అని మా ఆయన గొణిగాడు. తిన్నాక గొణగలేదు.

మొదటి వారం ప్రతి రోజూ మొదటి అట్టు యంత్రానికి అంటుకుపోయేది. మూత తెరిస్తే సగం పైన, సగం కింద. దోసెల పెనం మీద మొదటి దోసె సంగతి మన ఆడవాళ్ళందరికీ తెలిసిందే, ఇదీ అంతే. చిరిగినదాన్ని మగవాళ్ళ ముందు ఎలా పెడతాం? చెంచాతో గోకి, ముక్కలు పోగుచేసుకుని, పొయ్యిగట్టు దగ్గర నిలబడి నేను తినేదాన్ని. దంచినమ్మకు బొక్కిందే కూలి అని మా అవ్వ అనేది. పరవాలేదు, వేడిగా ఉండేది, పప్పు వాసన, గుడ్డు వాసన కలిసి కమ్మగా ఉండేది. కడుపులోకి దిగుతుంటే లోపల ఎవరో ఊపిరి పీల్చుకున్నట్టు అనిపించేది. రూతమ్మక్క అడిగితే, "తింటాండా" అని ధైర్యంగా చెప్పేదాన్ని.

తరవాత ఏమైందంటే, నాకు పని వచ్చేసింది. ముందు యంత్రాన్ని బాగా వేడెక్కనిచ్చి, ఉల్లిపాయ ముక్కని నూనెలో ముంచి గళ్ళన్నీ రుద్ది, పిండి పోశాక మూత తొందరపడి తెరవకుండా ఉంటే, మొదటిది కూడా అచ్చు గుద్దినట్టు వచ్చేది. ఒక పొద్దున అలా చెక్కుచెదరకుండా వచ్చిన మొదటి అట్టుని చూసుకుని, ఎవరికైనా చూపిద్దామనుకుని, నవ్వుకుంటూ హాల్లోకి తీసుకెళ్ళాను. పెట్టెలు మోసినవాళ్ళలో ఒకడు, రామాంజులు, చెయ్యి చాపాడు. నేను ఇచ్చేశాను. మళ్ళీ వంటింట్లోకి వచ్చి నిలబడ్డాక గానీ నేనేం చేశానో అర్థం కాలేదు. చిరగనిది నాది కాదు. చిరిగినన్నాళ్ళే నాకు వంతు ఉంది. పనితనం పెరిగింది, నా తిండి పోయింది. కావాలని ఒకటి చింపుకుందామా అని కూడా ఆలోచించాను, దేవుడి సాక్షిగా. చెయ్యి రాలేదు. మంచిగా వచ్చే పనిని చెడగొట్టుకోవడం చేతకాని చేతులివి, వీటిని నేనేం చేసుకోను? ఆ తరవాత మా ఆయన పళ్ళెంలో మిగిల్చిన అంచులు తినేదాన్ని. మొగుడు తిన్న కంచంలో తింటే పుణ్యమని మా అత్త పెళ్ళయిన కొత్తలో కూర్చోబెట్టి చెప్పింది. ఆ రోజుల్లో ఈయన నాకోసం కూరలో ముక్క మిగిల్చేవాడు, కంటితో సైగ చేసేవాడు. అది ప్రేమేనని ఇప్పటికీ అనుకుంటాను. కానీ గళ్ళ అట్టులో ఏం మిగులుతుంది? మాడిన అంచు మిగులుతుంది.

అలా రూతమ్మక్క తన నోటి దగ్గరి గుడ్లు నాకిస్తే, నేను వాటిని రుచిగా కాల్చి వాళ్ళకు పెట్టాను. వాళ్ళ చెంపలు నిగనిగలాడాయి. నా పాదాల మీద సొట్టలు అలాగే ఉన్నాయి.

సెప్టెంబరు చివరికొచ్చేసరికి మనవాళ్ళ బస్సులు బయలుదేరుతున్నాయి. బాగ్దాదు మీదుగా జోర్డాను, అక్కడి నుంచి విమానంలో బొంబాయి. రూతమ్మక్క భర్త దేవసహాయం గారు, దగ్గర్లోని స్కూలు ఆవరణలో బస్సుల పని చూసే పెద్దమనుషుల్లో ఒకరు. కడుపుతో ఉన్నవాళ్ళని ముందు పంపుతారని, శుక్రవారం బస్సులో నాకు సీటు చెప్పానని రూతమ్మక్క అంతకుముందే అంది. నేను మా ఆయనకు చెబితే, "సరేలే, చూద్దాం" అన్నాడు. ఆ "చూద్దాం" పట్టుకుని లోలోపల సంచీ సర్దుకుంటూ ఉన్నాను.

బుధవారం రూతమ్మక్క పైకి వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది.

"అదేంటమ్మాయ్, నువ్వు రానన్నావంట? మీ ఆయన నిన్న వచ్చి, 'మా ఆవిడ ఇప్పుడే రాదు, తర్వాత అందరం కలిసి వస్తాం, ఆ సీటు ఎవరికన్నా ఇచ్చేయండి' అని చెప్పెళ్ళాడంట. మా ఆయన ఇచ్చేశారు."

నాకు వెంటనే కోపం రాలేదు. సిగ్గేసింది. అది నాకు తెలియదని ఆమెకు తెలిసిపోయిందే అని సిగ్గు. ఆ సిగ్గు దిగాక వచ్చింది కోపం, దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గిన్నెలు తోమాను. అప్పుడే తోమినవాటిని మళ్ళీ తోమాను. మా ఆయన వచ్చాక, అందరూ ఉన్నారని కూడా చూడకుండా హాల్లో నిలబడి అడిగాను.

"ఏమబ్బా, నా సీటు ఎందుకు తీపిచ్చినావు?"

రేడియో గొంతు ఎవరో తగ్గించారు. "ఎవురు చెప్పిండేది నీకు?" అన్నాడు. తరవాత గొంతు తగ్గించి, "ఇను ఈశ్వరీ. ఇంగ కొన్ని దినాలు. అందురమూ కలిసి పోదాం. ఇంత సామాను ఈడ ఇడిసిపెట్టి యాడికి పోయేది?"

"నువ్వుండు. నన్ను పంపిచ్చు. నా కాళ్ళు చూడు ఒగసారి."

"నువ్వు పోతే ఈళ్ళందరికీ ఎవురు వండిపెడతారు?"

రామాంజులు వాతావరణం తేలిక చేద్దామనుకున్నాడు. "వొదినా, నీ చేతి గళ్ళ అట్టు తినకుంటే మాకు తెల్లారదు. నిన్ను ఎట్ల పంపిచ్చేది చెప్పు!" అని నవ్వాడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు. మెచ్చుకుంటున్నాననే అనుకున్నాడు పాపం. వాళ్ళలో ఖాజావలి ఒక్కడే నవ్వలేదు. "కడుపుతో ఉండాది గదన్నా" అన్నాడు మెల్లగా. మా ఆయన అతని వైపు చూశాడు, అతను తల వంచుకుని చాప అంచు సరిచేసుకున్నాడు. అక్కడితో ఖలాస్. రేడియో గొంతు మళ్ళీ పెరిగింది.

నేను వంటింట్లోకి వచ్చి నిలబడ్డాను. నిజం చెప్పనా? ఆయన ఇంకో మాట అంటాడని ఎదురుచూస్తూ నిలబడ్డాను. "నువ్వు లేకుండా నేనెట్లుండాల" అంటాడని. ఆయనకూ భయమే, నాకు తెలుసు. పడుకున్నాక నా చెయ్యి పట్టుకుంటే అరచెయ్యి చెమటతో తడిగా ఉండేది. ఆ ఒక్క మాట అంటే చాలు, వాపు కాళ్ళతో, ట్యాంకుల మధ్య, ఆ పెట్టెల మధ్య నేను ఉండిపోయేదాన్ని. అందరికీ వండిపెట్టి, అంచులు తిని, తిన్నానని చెప్పి ఉండిపోయేదాన్ని. సైనికుల కన్నా నాకు నేనే ఎక్కువ భయం వేసింది. ఇంత చవగ్గా నేను దొరికిపోతానా? ఆయన రాలేదు. అన్నం ఇంకా ఉడకలేదా అని మాత్రం కేక వినిపించింది.

మర్నాడు చెప్పకుండా కిందికి దిగాను. దేవసహాయం గారు ఇబ్బందిగా కళ్ళజోడు తుడుచుకున్నారు.

"అమ్మా, మీ ఆయనే వచ్చి వద్దన్నాక మేమెలా ఎక్కిస్తాం? రేపొద్దున్న వచ్చి నా మీద పడితే?"

"పడితే నా మీద పడమనండి" అంది రూతమ్మక్క లోపల్నుంచి వస్తూ. "ఆ పిల్ల కాళ్ళు చూడండి ముందు. మోసేది ఆయన కాదు గదా, అడగాల్సింది ఆయన్నా?"

ఆయన నా పాదాల వైపు చూసి, కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. "సీటు ఇచ్చేశామమ్మా. శుక్రవారం పొద్దున్న వచ్చి నిలబడు. చివరి నిమిషంలో రానివాళ్ళు ఎవరో ఒకరు ఉంటారు. అప్పుడు ఎక్కిస్తాను" అన్నారు. అంతే ఆశ. అది చాలనిపించింది.

శుక్రవారం పొద్దున మామూలుగానే లేచాను. మామూలుగానే పిండి రుబ్బాను, యంత్రం వేడెక్కనిచ్చాను, గళ్ళు రుద్దాను. మొదటి అట్టు చిరుగు లేకుండా, ఎర్రగా, కరకరలాడుతూ వచ్చింది. పళ్ళెంలో పెట్టుకుని హాల్లోకి వెళ్ళాను. చేతులు రెండు మూడు లేచాయి. నేను ఇద్దరి మధ్య ఖాళీ చూసుకుని, పొట్ట పట్టుకుని, నేల మీద కూర్చున్నాను. తుంచుకుని తినడం మొదలుపెట్టాను. పెళ్ళయ్యాక మగవాళ్ళ మధ్య వాళ్ళకన్నా ముందు కూర్చుని తినడం అదే మొదలు. రుచి తెలియనే లేదు. అయినా మొత్తం తిన్నాను. లేచి వెళ్ళి రెండోది కాల్చుకుని వచ్చి అదీ తిన్నాను. దాని రుచి తెలిసింది.

"ఈ పొద్దు బస్సుకు పోతాండా" అన్నాను నీళ్ళు తాగి.

మా ఆయన మొహం ఎర్రబడింది. "సీటు యాడుంది నీకు?"

"ఉంటే ఎక్కుతా. లేకుంటే రేపు మళ్ళా పోయి నిలబడతా."

ఆయన విసురుగా లేచి బాల్కనీలోకి పోయాడు. పడకగదిలోకి పోయి సంచీ అందుకుంటుంటే నా వెనకే వచ్చి, దాన్ని తన చేతిలోకి తీసుకున్నాడు. చెడ్డవాడు కాదు. ఎప్పుడూ కాదు. దారి పొడుగునా నా పక్కనే నడిచాడు. చెక్‌పోస్టు దగ్గర సైనికుడు అడిగితే, "నా భార్య, ఊరికి పోతాంది" అని అరబ్బీలో ఆయనే చెప్పాడు. ఆ మాట విని నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

స్కూలు ఆవరణంతా జనం. మూటలు, పిల్లలు, నీళ్ళ డబ్బాలు. నేను గోడ పక్కన ఎండలో నిలబడ్డాను. దేవసహాయం గారు పేర్లు పిలుస్తున్నారు. పిలిచిన వాళ్ళల్లా ఎక్కేస్తున్నారు. ప్రతి పేరుకీ ఎవరో ఒకరు "ఉన్నా" అంటుంటే నేను బస్సులో మిగిలిన ఖాళీ సీట్లు లెక్కపెట్టుకుంటున్నాను. చివరికొచ్చేసరికి ఒక పేరుకి జవాబు రాలేదు. మళ్ళీ పిలిచారు. ఎవరికేమైందో పాపం, రాలేదు. ఆయన నా వైపు చూసి తలూపారు. ఆ రానివాళ్ళ క్షేమం కోరుకుంటూనే నేను మెట్టెక్కాను.

కిటికీ పక్క సీటు. డ్రైవరు యల్లా యల్లా అని, అంటే పదండి పదండి అని, అరుస్తున్నాడు. కింద మా ఆయన జనంలో నిలబడి అటూ ఇటూ చూస్తున్నాడు. ఏదో నోట్లో నానుతున్నట్టు పెదాలు కదులుతున్నాయి. బస్సు ఒక్కసారి కదిలి మళ్ళీ ఆగింది. అప్పుడు ఆయన జనాన్ని తోసుకుంటూ పరిగెత్తుకొచ్చాడు, కిటికీ అద్దం మీద అరచేత్తో బాదాడు. ఇప్పుడంటాడు. అంటే దిగిపోతాను. ఎంత కోపమున్నా, ఎంత ఆలోచించుకున్నా దిగిపోతానని నాకు తెలిసిపోయింది. ఒక కాలు సీటు బయటికి పెట్టేశాను కూడా. అద్దం జరిపాను.

ఆయన ఆయాసపడుతూ తల పైకెత్తాడు. కళ్ళల్లో నీళ్ళున్నాయి.

"ఈశ్వరీ, ఆ పప్పు ఎంతసేపు నానబెట్టాల?"

"రాత్రంతా" అన్నాను.

కాలు లోపలికి తీసుకుని, సర్దుకుని కూర్చున్నాను.